పాటకు ముందు గోలీ

మార్చి 6, గురువారం

పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పొడుగ్గా ఏదీ రాయలేదు. ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఒక్కటే. ఒక సంగతి ఎవరికైనా చెప్పుకోవాలి, చెప్పుకునే చోటు లేదు. స్త్రీల కూటంలో ప్రార్థన మనవిగా చెప్పవచ్చు. కానీ మా కూటంలో పొద్దున ఒక మనవి చెబితే సాయంత్రానికి గౌడవెల్లి నుంచి గండిమైసమ్మ దాకా అందరూ దాని కోసం మోకాళ్ళ మీద ఉంటారు. వాళ్ళది మంచి మనసే. అయినా ఆయన పేరు అన్ని నోళ్ళలో నానడం నాకు ఇష్టం లేదు. ప్రభువుకు చెప్పుకున్నాను. ప్రభువుకు ముందే తెలుసు కాబట్టి కొత్తగా చెప్పినట్టు అనిపించలేదు. ఎరువుల షాపు వాళ్ళు ఇచ్చిన ఈ డైరీ ఖాళీగా పడి ఉంది. దీనికి చెబుతాను.

ఆయనకు పాట అంటే భయం పట్టుకుంది.

మా సంఘంలో పాట ఎత్తేది ఆయనే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చే నాటికే ఎత్తుతున్నారు, ముప్పై ఏళ్ళు. మొదటి వరుస ఆయన ఒక్కరే నిలబడి పాడాలి. తర్వాత మగవాళ్ళు, ఆ తర్వాత మేము అందుకుంటాం. ఆయన ఏ స్థాయిలో ఎత్తితే గుడి అంతా ఆ స్థాయిలోనే పోవాలి. ఆయనది పెద్ద గొంతు, పై గొంతు. మొన్న క్రిస్మస్ నాడు ఎందుకో మరీ పైకి ఎత్తారు. రెండో చరణానికి ఎవరివల్లా కాలేదు. పాట మధ్యలో ఆగిపోయింది. వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో ఆ నవ్వుతో సహా ఫోన్‌లో స్టేటస్ పెట్టారు.

అప్పటినుంచి ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంటున్నారు. నిన్న భస్మ బుధవారం, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి. పాస్టరయ్యగారు పాట ఎత్తమని ముందుకు పిలిస్తే దగ్గు తెచ్చుకున్నారు. ఇంటికి వచ్చాక నా చేయి తీసుకొని ఛాతీ మీద పెట్టుకున్నారు.

“సూడు మార్తా, గుడికెళ్ళి వచ్చి గంటయింది. ఇంక ఉరుకుతనే ఉన్నది.”

గుండ్లపోచంపల్లి గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి. రేకుల కప్పు దాకా సరుకు లేపుతారు, చేయి వణకదు. నాలుగు మాటల పాటకు వణుకుతోంది.

శుభ శుక్రవారం నాడు మా గుడిలో డోలక్, కీబోర్డు ఏదీ ముట్టరు. కీబోర్డు మీద తెల్ల గుడ్డ కప్పుతారు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో చివరిదైన ఏడో మాట మీద ప్రసంగం అయ్యాక సిలువ పాట ఒట్టి గొంతుతో ఎత్తాలి. నేను కోడలిగా రాకముందు మా మామయ్య ఎత్తేవారు, ఆయన పోయాక ఈయన. ఈసారి వీలుకాకపోతే ఫోన్‌లో పాట పెట్టి స్పీకర్ డబ్బాకు కలుపుతామని పాస్టరయ్యగారు మెల్లగా అన్నారు.

“పెట్టుకోండ్రి,” అన్నారు ఈయన. తర్వాత దొడ్లో చాలాసేపు ముఖం కడుక్కున్నారు.

మార్చి 8, శనివారం

బతిమాలి మేడ్చల్ తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పేరు లిఖిత. చిన్న వయసు, కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది.

“దమ్ము, ఆయాసం ఉన్నదా అంకుల్? షుగరు? బీపీ?”

“ఏం లేవు మేడం. పాట ఒక్కటే ఉన్నది.”

ఆమె నవ్వలేదు. అంతా విన్నది. గుండె పరీక్ష చేయించింది, బాగానే ఉందని చెప్పింది.

“ఇది మస్తు మందికి ఉంటది. నాకు గూడ ఇంటర్వ్యూల చేతులు వణికినయ్. ఒక చిన్న గోలీ రాస్తున్న. ఇది ధైర్యం గోలీ కాదు, దడ తగ్గిస్తది, గంతే. మొదలు ఒక సెలవు దినం ఇంట్లనే వేసుకొని ఎట్లుంటదో సూడాలె. మంచిగుంటే, పాటకు గంట ముందు ఒక్కటి. తిన్నంకనే. ఖాళీ కడుపుతోని అస్సలు వద్దు. చాయ్ దినాం ఎన్నిసార్లు తాగుతరు?”

ఆయన నావైపు చూసి “రెండు” అన్నారు. నేను ఫ్యాను వైపు చూశాను.

“అంటే ఆరు,” అని రాసుకుంది డాక్టరమ్మ. “రెండు చెయ్యండి నిజంగ. రాగి జావ, గుడ్డు, అరటిపండు తినాలె. పాట ఉన్ననాడు పచ్చడి, నూనె వంటలు బంద్.”

బయట బండి దగ్గర ఆయన మొదలుపెట్టారు.

“పాటకు గోలీ ఏంది మార్తా? మా నాయిన ఏ గోలీ ఏసుకొని పాడిండు? ప్రభువు పాటను మందుల షాపుల కొనుక్కుంటమా?”

చీటీ మడిచి బండి డబ్బాలో పడేశారు. నేను రోడ్డు మీద మాట్లాడే మనిషిని కాను. పైగా నాకూ లోపల అదే అనిపించింది, ప్రార్థన ఉండగా గోలీ ఎందుకని. కానీ నా చేతి కింద ఆ గుండె ఉరకడం నాకు గుర్తుంది.

మార్చి 9, ఆదివారం

చెప్పుల దగ్గరే కూర్చున్నారు.

మార్చి 12, బుధవారం

గోలీ లేకపోయినా తిండి మార్చవచ్చు కదా అని చాయ్ డబ్బా పై అరలో పెట్టాను. మా అత్తమ్మ బుచ్చవ్వకు కోపం వచ్చింది.

“నీ మొగని గుండె కొట్టుకుంటే నా చాయ్ బంద్ జేసుడేంది? నా గుండె మంచిగనే ఉన్నది. గీ ఇంట్ల నేనొక్కదాన్నే భయం లేకుంట బతుకుతున్న.”

ఆమెకు వేరేగా పెట్టి ఇచ్చాను. వాసనకు ఈయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“నీకు జావ,” అన్నాను.

“నేనేమన్న బాలింతనా?”

“తాగు కొడుకా,” అంది అత్తమ్మ చాయ్ ఊదుకుంటూ. “నిన్ను కన్నప్పుడు నేను గూడ తాగిన. దాని ఫలమే గిట్లయింది.”

నవ్వుకుంటూ తాగారు. గోడౌన్‌లో తాగే చాయ్ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని లేదు.

మార్చి 15, శనివారం

బండి డబ్బాలోని చీటీ తీసుకొని మేడ్చల్ వెళ్ళాను. కూరగాయలకని చెప్పాను. కూరగాయలు కూడా కొన్నాను కాబట్టి అది అబద్ధం కాదు.

గోలీలు చిన్నవి. బియ్యం డబ్బాలో పెట్టాను.

మార్చి 16, ఆదివారం

పొద్దున జావలో బెల్లం కాస్త ఎక్కువ వేసి, ఒక గోలీ నూరి కలిపాను.

“చేదుగున్నదేంది?”

“మెంతులు.”

గుడిలో మధ్య వరుస దాకా వచ్చి కూర్చున్నారు. కానుకల వేళ చిన్న పాట ఒకటి ఎత్తారు. నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని. చేతులు వణకలేదు. నేను కళ్ళు మూసుకొని స్తోత్రం చెప్పుకున్నాను.

ఇందులో మోసం లేదు. కూరలో ఉప్పు వేసేటప్పుడు అందరికీ చెప్పి వేస్తామా? మొదట ఇంట్లో వేసి చూడమంది డాక్టరమ్మ. జావ ఇంట్లోనే తాగారు.

మార్చి 19, బుధవారం

సాయంత్రం శ్రమల కూటం. జావ తాగి వెళ్ళారు. బాగా పాడారు.

మార్చి 23, ఆదివారం

ఈ రోజు స్త్రీల కూటంలో అమ్మగారు, అంటే పాస్టరయ్యగారి భార్య, నన్ను లేపింది. “జాన్సన్ అన్న మల్ల పాడుతున్నడు. మార్తమ్మా, సాక్ష్యం చెప్పు.”

నేను కూటంలో లేచి మాట్లాడింది చాలా తక్కువ. లేచాను. ఉపవాసముండి ప్రార్థించాను, ప్రభువు ఆయన భయం తీసేశాడు అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఒకామె ఏడ్చింది.

సాక్ష్యంలో అబద్ధం ఏమీ లేదు. ఉపవాసం ఉన్నాను, ప్రార్థించాను. గోలీ సంగతి ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చి బియ్యం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాను.

మార్చి 26, బుధవారం

ఎల్లుండి శుక్రవారం శ్రమల కూటం సంఘ పెద్ద గాలయ్య ఇంట్లో. అక్కడ సిలువ పాట ఒకసారి ఎత్తి చూపమన్నారు పాస్టరయ్యగారు. ఈయన “సరే” అన్నారు. భయం లేని గొంతుతోనే అన్నారు. రాత్రి అన్నం మాత్రం కెలికి వదిలేశారు.

ఆయనకు ఏమీ లేదు. అలసట.

మార్చి 28, శుక్రవారం

ఆయన పడుకున్నారు. ఊపిరి తీసుకుంటున్నారు. పక్కన కూర్చొని అదే చూస్తున్నాను. ఇంకేమీ రాయను.

మార్చి 29, శనివారం

నిన్నటిది రాస్తే గానీ నా చేతులు పనిలో పడవు.

శ్రమల దినాల్లో శుక్రవారాలు మేము సాయంత్రం కూటం అయ్యేదాకా ఏమీ తినం. నీళ్ళు మాత్రం తాగుతాం. జావ లేదు కాబట్టి గోలీ ఎలా అని పొద్దుటినుంచి ఆలోచించాను. ఆయన గోడౌన్ నుంచి వచ్చాక నిమ్మకాయ నీళ్ళలో కలిపాను. ఒకటి కాదు, రెండు. సిలువ పాట పెద్దది కదా అనుకున్నాను. తిన్నాకనే వేయాలన్న మాట నాకు గుర్తు లేదని రాయాలనుంది. గుర్తుంది. ఉపవాసంలో ఉన్న మనిషికి ప్రభువు ఏ హానీ రానివ్వడని నన్ను నేను నమ్మించుకున్నాను.

గాలయ్య ఇంట్లో మొదటి వరుస ఎత్తారు. బాగుంది. రెండోది ఎత్తుతూ గోడ వైపు చేయి చాపారు. గోడ దూరంగా ఉంది. అలాగే కూలబడ్డారు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది, ఒళ్ళు చల్లగా తడిగా అయింది. అందరూ గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. నేను చేయలేదు. “ఆటో, ఆటో పిలవండ్రి” అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

మేడ్చల్‌లో డాక్టరమ్మ నాడి పట్టుకొని ముఖం ముడుచుకుంది. నాడి చాలా మెల్లగా కొట్టుకుంటోందట, బీపీ కూడా కిందికి పోయిందట. సూది వేసి, గ్లూకోజు పెట్టి, కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాక అడిగింది.

“గోలీ వేసుకున్నరా అంకుల్?”

ఆయన నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. చెప్పేద్దామని నోరు తెరిచే లోపలే ఆయన అన్నారు.

“ఏసుకున్న మేడం. రెండు.”

ఈయనకు ఎలా తెలుసు? నేను కలిపింది చూశారా? నాకు అదే తట్టింది. తర్వాత ఆయన చొక్కా జేబులోంచి గోలీల పట్టీ తీసి మంచం మీద పెట్టారు. అది నా బియ్యం డబ్బాలోది కాదు.

“రెండు కాదు మేడం,” అన్నాను. “నాలుగు. రెండు నేను కలిపిన.”

ఆయన మోచేయి ఆనించి సగం లేచారు.

“నువ్వా? ఎందుట్ల కలిపినవ్?”

“నిమ్మకాయ నీళ్ళల్ల. ఆదివారాలు, బుధవారాలు జావల.”

“మెంతులంటివి గద!”

“నువ్వేడ కొన్నవ్? చీటీ నా దగ్గరుండె.”

“ఫోటో తీసుకున్న. నువ్వు పండుకున్నంక డబ్బలకెళ్ళి తీసి.”

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టింది. అంత చిన్న పిల్ల మమ్మల్ని తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే. ఖాళీ కడుపుతో నాలుగు గోలీలు, ఎవరికి ఎవరూ చెప్పకుండా. ఇంకా ఏమన్నా అయ్యి ఉంటే అని ఆమె మధ్యలో ఆగింది.

మూలన బెంచీ మీద కూర్చున్న అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది.

“ఒకడు దొంగ, ఒకతె దొంగ. నడుమ నేనొక్కదాన్ని అమాయకురాల్ని. ఏమే మార్తమ్మా, గా జావ నేను గూడ తాగుతున్న. నా దాంట్లేమన్న కలిపినవా?”

డాక్టరమ్మకు నవ్వు ఆగలేదు. నాకు ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చాక అడిగాను, గోలీ వద్దన్న మనిషివి నాకు చెప్పకుండా ఎందుకు వేసుకున్నావని. గోడవైపు తిరిగి పడుకొని చెప్పారు.

“నువ్వు నాకోసం ఉపాసముంటున్నవ్. మోకాళ్ళు అరిగేటట్టు ప్రార్థన జేస్తున్నవ్. గోలీతోని పాడుతున్న అని తెలిస్తే నీ ప్రార్థనకు ఇజ్జత్ ఏముంటది అనుకున్న.”

నేను దీపం ఆర్పేశాను.

మార్చి 31, సోమవారం

డాక్టరమ్మ చెప్పింది ఇది. వారం రోజులు గోలీ ముట్టొద్దు. తర్వాత ఒక మామూలు రోజు, బాగా తిని, ఒక్కటి వేసుకొని, ఇంట్లో ఉండి చూడాలి. శుభ శుక్రవారం గురించి అడిగితే ఒకటే మాట. “ఉపాసం ఉంటే గోలీ లేదు. గోలీ వేసుకుంటే ఉపాసం లేదు. రెండిట్ల ఏదో ఒకటి.”

ఈయన “అయితే పాటే వద్దు” అన్నారు. చిన్నప్పటినుంచి ఆ రోజు మూడింటి దాకా నీళ్ళు కూడా ముట్టని మనిషి. మా ఇంట్లో ఆ రోజు మూడింటి దాకా పొయ్యి వెలగదు. అది అత్తమ్మ పెట్టిన కట్టడి. నేనూ ఎప్పుడూ తప్పలేదు.

ఈ రోజు రంజాన్. పక్కింటి రహీమా షీర్ ఖుర్మా తెచ్చింది. నా ముఖం చూసి కూర్చుంది. అంతా చెప్పాను. కూటంలో చెప్పలేనిది ఆమెకు ఎలా చెప్పగలిగానో.

“గింతకే పరేషాన్ ఐతవా అక్కా? మా దాంట్ల బీమార్ ఉన్నోళ్ళకు రోజా ఉపాసం మాఫీ ఉంటది. మంచిగైనంక ఎన్నడన్న పెట్టుకుంటరు. అల్లాకు తెల్వదా ఎవలికి బాగలేదో?”

“ఆయనకు జొరం లేదు, దెబ్బ లేదు. భయం గూడ బీమారేనా?”

“గుండె గట్ల కొట్టుకుంటే అది బీమార్ గాకపోతే ఏంది మరి?” అంది. గిన్నె అక్కడ పెట్టి, “ఖుర్మా సల్లారిపోతది, జల్దీ తినుండ్రి” అని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 5, శనివారం

సెలవు. “పా, శామీర్‌పేట పోదాం” అన్నారు. పెళ్ళయిన కొత్తలో వెళ్ళాం, మళ్ళీ ఇప్పుడు. చెరువు కట్ట మీద ఉడకబెట్టిన పల్లీలు కొనిచ్చారు. జనం లేని చోటు చూసి కూర్చున్నాం.

“ఒకసారి పాడి సూస్త. గోలీ లేకుంట.”

లేచి నీళ్ళవైపు తిరిగారు. నాకు వీపు కనిపిస్తోంది. చొక్కా మీద చెమట మచ్చ పెద్దదవుతోంది. పాట రాలేదు. నా పక్కన వచ్చి కూర్చొని పల్లీలు ఒలిచి నా చేతిలో వేయడం మొదలుపెట్టారు.

“నీ ముందలనే వస్తలేదు. మంది ముందల ఎట్లొస్తది?”

“నా ముందలే కష్టమేమో,” అన్నాను.

“గది నిజమే. మంది తప్పు పడితే మర్షిపోతరు. నువ్వు మర్షిపోవు.”

“నేనెప్పుడన్న తప్పు పట్టిన్నా?”

“పైకి అనవు. గదే భయం.”

ఇద్దరం నవ్వాం. వచ్చేటప్పుడు బండి మెల్లగా నడిపారు. నేను ఎప్పుడూ వెనక కమ్మి పట్టుకుంటాను. ఈ రోజు ఆయన నడుము పట్టుకున్నాను. ఊరి మలుపు రాగానే వదిలేశాను.

ఏప్రిల్ 9, బుధవారం

మధ్యాహ్నం అన్నం, గుడ్డు తిన్నాక ఒక గోలీ. నా ముందే వేసుకున్నారు, నేను ఆయన ముందే నీళ్ళిచ్చాను. అత్తమ్మ మా ఇద్దరి ముందూ కుర్చీ వేసుకొని కూర్చుంది, పోలీసులాగా. తల తిరగలేదు. నిద్ర రాలేదు. గంట తర్వాత వంటింట్లో నిలబడి పాట ఎత్తారు, వచ్చింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. సరే అంది. ఒక్కటే అని మళ్ళీ చెప్పింది, తిన్నాకనే అని మళ్ళీ చెప్పింది.

తినే సంగతి తేలలేదు. “ఆ దినం నేను తినను మార్తా. గా మాట మల్ల ఎత్తకు.”

ఏప్రిల్ 13, ఆదివారం

మట్టల ఆదివారం. స్త్రీల కూటంలో నన్ను ఎవరూ లేపలేదు. నేనే లేచాను. ముందు రోజు ఆయనను అడిగితే “చెప్పు, గాలయ్య ఇంట్ల పడంగ అందరు సూసిండ్రు, ఇంక దాచేదేంది” అన్నారు.

ఆ రోజు చెప్పిన సాక్ష్యం సగమే అన్నాను. ప్రార్థన చేశాను, గోలీ కూడా వేశాను, వేయరాని విధంగా వేశాను, ప్రభువు ఆయనను కాపాడాడు అన్నాను. మాట సన్నగా వచ్చింది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆయన పడే బాధ ఇదా అనుకున్నాను.

నేను కూర్చున్నాను. తర్వాత అమ్మగారు తన సంచి తెరిచి బీపీ గోలీల పట్టీ పైకి చూపింది. పక్కామె థైరాయిడ్ అంది. ఇంకొకామె, “నాది నిద్రకు, మా ఇంటాయనకు చెప్పకుండ్రి” అంది. మొత్తం కూటం నవ్వింది.

ఏప్రిల్ 17, గురువారం

పొయ్యి కడిగి తుడిచాను. ఏమీ తేలలేదు.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

ఇంటికి వచ్చి కూర్చున్నాను. అంతా వరసగా రాస్తాను.

ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా. పొద్దున ఆయన తెల్ల చొక్కా వేసుకొని మంచం అంచున కూర్చొని ఉన్నారు. అరచేతులు తొడలకు తుడుచుకుంటున్నారు. అలాగే తుడుచుకుంటున్నారు. గోలీ లేకుండా, తిండి లేకుండా పోయి నిలబడతారని నాకు తెలుసు. అక్కడ గొంతు రాకపోతే ఇక ఈ జన్మలో పాట ఎత్తరని కూడా తెలుసు. ఆ తెల్ల గుడ్డ పక్కన ఫోన్ డబ్బా మోగుతుంది, ప్రతి ఏడూ.

గ్యాస్ లైటర్ అత్తమ్మ దిండు కింద ఉంటుంది ఈ రోజు. ఎవరూ మర్చిపోయి పొయ్యి వెలిగించకుండా ఆమెకు ఆ అలవాటు. వెళ్ళి నిలబడ్డాను. కళ్ళు మూసుకునే అడిగింది.

“ఏం గావాలె?”

“లైటర్ అత్తమ్మా.”

కళ్ళు తెరిచింది.

“ఎందుకు?”

“ఆయనకు జావ.”

దిండు కింద చేయి పెట్టి తీసి ఇచ్చింది. “గోలీ మాత్రం నా ముందల ఇయ్యి. నీ చేతి మీద నాకు నమ్మకం లేదు.”

పొయ్యి వెలిగించేటప్పుడు ‘క్షమించు ప్రభువా’ అందామనుకున్నాను. ఎందుకో ‘తోడుండు’ అని వచ్చింది.

రెండు గ్లాసులు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

“నేను తాగనంటిని గద మార్తా.”

నేల మీద కూర్చొని నా గ్లాసు ఎత్తి తాగాను. ఆయన చూస్తున్నారు. పెళ్ళయిన నాటినుంచి శుభ శుక్రవారం నాడు నేను చుక్క నీళ్ళు తాగగా ఆయన చూడలేదు. సగం గ్లాసు తాగేశాను.

“నువ్వెందుకు తాగుతున్నవ్? నీకేమైంది?”

“నీకేమైతే నాకదే అయింది.”

ఆయన గ్లాసు తీసుకున్నారు. చివరి దాకా తాగారు. గుమ్మంలో నిలబడ్డ అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“తాగుండ్రి, తాగుండ్రి. మీ ఇద్దరి ఉపాసం నేనుంట తీయ్.”

గుడిలో ఐదో మాట ప్రసంగం మొదలవుతుండగా ఆయన లేచి బయటికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను, కొంగు కింద అరటిపండు పట్టుకొని. ఊరంతా ఉపవాసం ఉన్న రోజు గుడి కుళాయి దగ్గర నిలబడి పండు తినడమంటే మాటలా. నేను అడ్డంగా నిలబడి కొంగు చాపాను. ఆయన గోడవైపు తిరిగి గబగబా తిన్నారు. గోలీ వేసుకున్నారు. ఒక్కటే. అత్తమ్మ కిటికీలోంచి చూసి తల ఊపింది. గాలయ్య కూడా చూశాడు. ముఖం తిప్పుకొని చెప్పులు సర్దడం మొదలుపెట్టాడు.

ఏడో మాట అయింది. ఆయన బల్ల పక్కకు వెళ్ళి నిలబడ్డారు. ఎంతసేపటికీ నోరు తెరవడం లేదు. పాస్టరయ్యగారు ఫోన్ వైపు చూశారు. నేను నా మోకాలు పట్టుకున్నాను.

అప్పుడు ఎత్తారు.

ఎప్పుడూ ఎత్తే చోట కాదు. బాగా కింద. పక్క మనిషితో మాట్లాడినట్టు. ఇది మొదలా, సరిచూసుకుంటున్నారా అని మగవాళ్ళు ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత అందుకున్నారు. మేం అందుకున్నాం. గుడి మొత్తం ఆ కింది గొంతులోకి దిగింది. ఎవరూ అరవడానికి లేదు. మాటలు ఒక్కొక్కటీ వినబడ్డాయి. ఆ పాటలో మూడో వరుస పైకి ఎక్కుతుంది. అది వచ్చింది, నేను పాడాను. నా పక్కన అత్తమ్మ పగిలిన గొంతుతో నాకంటే గట్టిగా పాడింది. చివరి చరణం దాకా ఆగలేదు.

బయట మజ్జిగ పోస్తుంటే గాలయ్య వచ్చాడు.

“ఏం జాన్సన్, బావిల దిగి పాడినవా?”

ఆయన ముఖం చిన్నబోయింది. “గోలీ ఏసుకున్న గాలయ్యా. ఊపిరి నిమ్మళంగ వచ్చింది, పాట గూడ అట్లనే వచ్చింది. పైకి లేవలే.”

అత్తమ్మ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది.

“ఏయ్ గాలీ, నీకేమెరుక? ఇన్నేండ్ల సంది గా పాటల మేం ముసలోళ్ళం పెదాలు ఆడిచ్చుకుంట కూసుంటున్నం. వీని నాయిన పైకెత్తె, వీడు ఇంక పైకెత్తె. ఇయ్యాల నా గొంతుకు అందింది పాట. వచ్చే ఏడు గూడ గింతే ఎత్తుమను.”

పక్కనున్న ముసలమ్మలందరూ అవునంటే అవునన్నారు. ఒకామె ఆయన గడ్డం పట్టుకొని ముద్దు పెట్టుకుంది.

ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం

తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన. జావ తాగి, గోలీ వేసుకొని వచ్చి పాట ఎత్తారు. అక్కడా కిందనే. కొన్నాళ్ళయ్యాక గోలీ అవసరం పడకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. పడితే పడనీ.

మధ్యాహ్నం అత్తమ్మ పడుకున్నాక నన్ను అడిగారు. మొన్నటినుంచి అడగాలని చూస్తున్నారని నాకు తెలుసు.

“అమ్మ అన్నది నిజమేనా మార్తా? ముసలోళ్ళకు అందకపోతుండె?”

“నిజమే కావచ్చు.”

“నీకు?”

ఆయన చేతిలో చాయ్ ఉంది, ఈ రోజుకు రెండోది. నా ముఖంలోకి చూస్తున్నారు.

“నాకు అందుతుండె,” అన్నాను.

అది అబద్ధం. కూరగాయలు కొన్న రకం కాదు, ఉప్పు వేసిన రకం కాదు, ఒట్టి అబద్ధం. ముప్పై ఏళ్ళు ఆ మూడో వరుస దగ్గర నేను నోరు మాత్రమే కదిపాను. ఆ గొంతు వినాలని అలా ఊరుకుంటున్నానని నాకు నేను చెప్పుకునేదాన్ని. అదీ కొంత నిజమే. మొన్న శుక్రవారం మొదటిసారి ఆయన పాటను మొదటినుంచి చివరిదాకా ఆయనతో కలిసి పాడాను. అది ఎలా ఉందో చెప్పాలంటే ఇన్నాళ్ళు పాడలేదని చెప్పాలి. అది వింటే ఆ ముప్పై ఏళ్ళనూ తవ్వుకుంటూ కూర్చుంటారు, నాకు తెలుసు. ఆయన అరచేతులు మళ్ళీ తుడుచుకోవడం నేను చూడలేను.

అందుకని దీన్ని బట్టల పెట్టెలో, నా పెళ్ళి చీర మడతలో పెడుతున్నాను. నా తర్వాత ఎవరు ఆ పెట్టె తీసినా ఈ కాగితాలు చింపకండి, పొయ్యిలో వేయకండి. అక్కడే ఉండనివ్వండి. ఆయన అడిగితే మాత్రం చీర ఒక్కటే ఉందని చెప్పండి.